లేజర్‌తో కోసిన కొయ్య గడియారం నడుస్తోంది, కానీ నిలవట్లేదు. సాయం కావాలి

కొత్తచక్రం | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఆర్నెల్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదలు. మీ పోస్టుల పుణ్యమా అని నా మొదటి కొయ్య గడియారం పూర్తయింది. లోలకం ఊపి వదిలితే టిక్‌టిక్ మంటూ మొదలవుతుంది. చెవులకు పండగే. కాసేపటికి ఆగిపోతుంది. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి అరగంట, నిన్న ముప్పావుగంట. వేలితో కాస్త నెడితే మళ్లీ బయల్దేరుతుంది.

వివరాలు చెబుతాను. ఫ్రేము 6 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్. చక్రాలు కూడా అదే ప్లైవుడ్, రెండు 3 మి.మీ. పొరలు అతికించినవి. మూడో చక్రం ఒక్కటి మాత్రం అందంగా ఉంటుందని 6 మి.మీ. మేపుల్ కర్ర పలకలో కోశాను. మధ్య చక్రానికి 64 పళ్లు, మూడో చక్రానికి 60, చివర లోలకం ఒక్కో పన్నుగా వదిలే ఎస్కేప్ చక్రానికి 30. పినియన్లు, అంటే పెద్ద చక్రాల పళ్లు తిప్పే చిన్న చక్రాలు, రెండూ లాంతరు రకం, ఒక్కోదాంట్లో రెండు బిళ్లల మధ్య 8 స్టీల్ పుల్లలు. ఇరుసులు 3 మి.మీ. స్టీల్ కడ్డీలు, అవి తిరిగే చోట ఇత్తడి గొట్టం ముక్కలు. లోలకం దాదాపు మీటరు పొడవు. బరువు 2 కిలోలు, రోజుకు మీటరు దిగుతుంది.

ఆగిపోతోందని బరువు మూడున్నర కిలోలకు పెంచాను. అయినా ఆగింది. ఇంకా పెంచమంటారా?

లోలకం | శనివారం, రాత్రి 10:05

వద్దు తమ్ముడూ, ముందు ఆ ఎక్కువ బరువు తీసెయ్యి. మూడున్నర కిలోలతో కూడా ఆగిందంటే నీకు శక్తి తక్కువ కాలేదు, ఎక్కడో ఏదో పట్టేస్తోంది. బరువు పెంచితే ఆ పట్టేసే చోటే పళ్లు అరిగిపోతాయి, ఆ తర్వాత అసలు జబ్బేమిటో తెలుసుకోవడం కూడా కష్టమవుతుంది.

ఒక లెక్క చూడు. 2 కిలోలు ఒక మీటరు దిగితే వచ్చే శక్తి 20 జౌల్స్ లోపే. దాన్ని 86,400 సెకన్లకు పంచితే మిల్లీవాట్‌లో పావు వంతు కూడా రాదు. మూడు ఇరుసుల రాపిడి, పళ్ల రాపిడి, లోలకానికి తగిలే గాలి, అన్నీ అందులోంచే తీర్చుకోవాలి. అందుకే కొయ్య గడియారంలో వెంట్రుకంత తప్పు కూడా బయటపడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ప్యాలెట్, అదే లోలకంతో పాటు ఊగుతూ ఎస్కేప్ చక్రం పళ్లను ఆపి వదిలే రెండు చేతుల ముక్క, తీసి పక్కన పెట్టు. బరువు స్థానంలో 100 గ్రాములు వేలాడదీసి చక్రాలన్నీ వాటంతటవే దొర్లుతున్నాయో లేదో చూడు. నా గడియారం 60 గ్రాములకే దొర్లుతుంది. తర్వాత ఒక్కో ఇరుసునూ విడిగా ఫ్రేములో పెట్టి నోటితో ఊదు. ఎస్కేప్ చక్రం ఊదిన గాలికి తిరగాలి, ఆగేటప్పుడు దభాలున ఆగకుండా మెల్లగా వెనక్కీ ముందుకీ ఊగి ఆగాలి.

ఆ పైన ప్రతి చక్రం మీదా పెన్సిల్‌తో ఒక గీత పెట్టు. గడియారం ఆగిన ప్రతిసారీ ఏ గీత ఎటు చూస్తోందో, ఎంతసేపు నడిచిందో ఒక కాగితం మీద రాయి. ఈ కాగితమే నీకు వైద్యుడు.

పొగమబ్బు | శనివారం, రాత్రి 10:40

లేజర్ సంగతి నేను అడుగుతాను. కోత వెడల్పు, అంటే లేజర్ కాల్చి తీసేసే సందు, ఎంతో కొలిచారా? కొలిచి డ్రాయింగులో సర్దారా?

కొలవనివాళ్ల కోసం చెబుతున్నాను. 10 మి.మీ. వెడల్పున్న పట్టీలు పది పక్కపక్కనే కోయండి, రెండు అంచులూ లేజర్ కోతే అయ్యేలా. పదింటినీ ఒకదానికొకటి ఆనించి కొలవండి. 100 రావాల్సిన చోట 98 వచ్చిందనుకోండి, మీ కోత వెడల్పు 0.2 మి.మీ. అంటే పంటికి ఒక్కో చెంప నుంచి 0.1 పోతుంది, ఇరుసు రంధ్రం 0.2 పెద్దదవుతుంది. పళ్లు సన్నబడితే గడియారం ఓర్చుకుంటుంది. రంధ్రం వదులైతే ఓర్చుకోదు, చక్రం ఒరిగిపోతుంది.

ఈ కొలత ప్రతి పలకకూ మళ్లీ తీసుకోవాలి. 3 మి.మీ. అని రాసున్న ప్లైవుడ్ నిజంగా 3 మి.మీ. ఉండటం నేను ఎప్పుడో గానీ చూడలేదు.

కొత్తచక్రం | ఆదివారం, ఉదయం 7:15

లోలకం గారూ, బరువు తీసేశాను. 100 గ్రాములకు కదల్లేదు. 250 పెడితే దొర్లింది, అదీ అక్కడక్కడ తడబడుతూ.

పొగమబ్బు గారూ, కోత 0.18 వచ్చింది. రంధ్రాలకు సర్దాను, పళ్లకు సర్దలేదు.

ఇంకో మాట అడగాలి. పళ్ల అంచులు నల్లగా ఉన్నాయి. తడి గుడ్డతో తుడిచాను, అంతే. ఆ నలుపు చూడ్డానికి బాగుందని వదిలేశాను. అది కూడా అడ్డమేనా?

మైనంగుడ్డ | ఆదివారం, ఉదయం 8:50

అడ్డమే. నా అనుభవంలో సగం గడియారాలు అక్కడే ఆగిపోతాయి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

లేజర్ చెక్కను కోయదు, కాల్చి ఆవిరి చేస్తుంది. కోసిన చెంప మీద మిగిలేది బొగ్గు పొర. గోటితో గీకితే నల్లగా రాలుతుంది కదా, అదే పొడి పంటికీ పుల్లకీ మధ్య చేరుతుంది. ప్లైవుడ్ అయితే ఇంకో చిక్కు: పొరల మధ్య జిగురు కాలి గట్టి గీతలా నిలబడుతుంది. చూపుడు వేలు పంటి చెంప మీద అడ్డంగా పోనిచ్చి చూడండి, ఆ గీత తగులుతుంది. ప్రతి పంటికీ ఆ గీతను ఎక్కి దిగడమే పని.

తడి గుడ్డ మాత్రం ఇంకెప్పుడూ వాడకండి. మసి చెక్క రంధ్రాల్లోకి దిగిపోతుంది, పైగా నార లేచి నిలబడుతుంది. పొడి టూత్‌బ్రష్‌తో దులపాలి, ముక్కుకు మాస్కు కట్టుకుని.

దులిపాక ఉప్పు కాగితం. 240 నంబరు కాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించి, ఒక చదునైన పుల్లకు రెండు వైపుల టేపుతో అతికించండి. గోళ్లు రాసుకునే పట్టీలున్నా పనికొస్తాయి. ఒక్కో చెంపకు లెక్కపెట్టి నాలుగే నాలుగు రుద్దులు, ఒకే ఒత్తిడితో. ఒక పంటికి నాలుగు, ఇంకోదానికి తొమ్మిది రుద్దితే లేజర్ ఇచ్చిన సమానత్వాన్ని మన చేత్తో మనమే పాడుచేసినట్టు. పంటి వంపును మార్చకండి, నలుపు ముదురు గోధుమ రంగులోకి దిగితే చాలు. తెల్లచెక్క కనబడేదాకా పోనక్కర్లేదు. తర్వాత 400 నంబరుతో రెండు రుద్దులు.

60 పళ్లు అంటే 120 చెంపలు. నాకు ఒక చక్రానికి గంటన్నర పడుతుంది. రేడియో పెట్టుకుని కూర్చుంటాను. మొదటి పది పళ్లకు విసుగొస్తుంది, తర్వాత చెయ్యి తనంతట తనే లెక్కపెట్టుకుంటుంది. ఈ పనికి యంత్రం ఉందా అని చాలామంది అడుగుతారు. ఉన్నా నేను చేత్తోనే చేస్తాను, ఎందుకంటే ఏ పన్ను వేరుగా ఉందో చేతికే ముందు తెలుస్తుంది.

సన్నరంపం | ఆదివారం, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, నా అనుమానం నీ మేపుల్ చక్రం మీద. పలక చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంట దాదాపు కదలదు. వానలు పడే రోజుల్లో గుండ్రంగా కోసిన చక్రం ఎండల్లో కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. ఇంకో బలహీనత కూడా ఉంది. నార ఒకే దిక్కుగా పోతుంది కాబట్టి చక్రానికి రెండు వైపుల పళ్లు నార వెంట బలంగా ఉంటాయి, మిగతా రెండు వైపుల పళ్లు నారకు అడ్డంగా పడి తేలిగ్గా విరుగుతాయి.

జాన్ హారిసన్ పేరు సముద్ర గడియారాల వల్ల అందరికీ తెలుసు గానీ, ఆయన మొదట వడ్రంగి. 1713లోనే కొయ్య గడియారం చేశాడు. ఓక్ చక్రాలకు పళ్లను ఒకే పలకలో కోయలేదు. నాలుగైదు పళ్లున్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలోనూ నార మధ్య నుంచి బయటికి పోయేలా తిప్పి, చక్రం అంచు గాడిలో దిగేశాడు. ఇరుసులు తిరిగే చోట లిగ్నమ్ వైటీ అనే చేవ కర్ర పెట్టాడు, దానికి సొంత జిడ్డు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రాక్లెస్‌బీ పార్కులో 1722 ప్రాంతంలో ఆయన కట్టిన గడియారం చుక్క నూనె లేకుండా ఇప్పటికీ నడుస్తోంది. లేజర్ లేదు, ప్లైవుడ్ లేదు. చెక్క ఎటు కదులుతుందో ఆయనకు తెలుసు.

నీ చక్రాన్ని నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి చెప్పు.

పొగమబ్బు | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అక్కా, హారిసన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ప్లైవుడ్‌ను తక్కువ చేయొద్దు. పొరలు అడ్డంగా నిలువుగా ఉంటాయి కాబట్టి అది ఎటూ పెద్దగా కదలదు. పళ్ల చక్రానికి ఇప్పుడు మనకు దొరికేవాటిలో అదే మేలు.

సన్నరంపం | ఆదివారం, మధ్యాహ్నం 3:25

తక్కువ చేయట్లేదు బాబూ, నేనూ ప్లైవుడ్ చక్రాలే కోస్తాను, చేతి రంపంతో. ఇక్కడ మాట మేపుల్ గురించే.

కొత్తచక్రం | మంగళవారం, రాత్రి 9:45

రెండు రోజులు పట్టింది. అన్ని చక్రాల పళ్లూ మైనంగుడ్డ గారు చెప్పినట్టే రుద్దాను. నాలుగు, నాలుగు, నాలుగు. వేళ్ల చివర్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. తేడా మాత్రం నమ్మలేనంత ఉంది: ఇప్పుడు 90 గ్రాములకే చక్రాలు దొర్లుతున్నాయి!

అక్కా, మేపుల్ చక్రం కొలిచాను. నార వెంట 124.1, అడ్డంగా 124.2. అది పెద్ద తేడానా?

లోలకం ఊపి వదిలాను. సంతోషపడేలోపే ఆగింది. అసలు బరువు 2 కిలోలే. లోలకం గారు చెప్పిన కాగితం ఇది, నెట్టిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు నడిచిందో: 30, 15, 45, 30, 60, 15. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ ఉండొచ్చు, పక్క గదిలో ఉన్నప్పుడు ఆగినవి చప్పుడు లేకపోవడం వల్లే తెలిశాయి. మూడో చక్రం మీద గీత మాత్రం ప్రతిసారీ ఒకే చోట, కింద కుడివైపు చూస్తోంది.

సన్నరంపం | మంగళవారం, రాత్రి 10:00

0.1 తేడాతో ఆగదు. నా అనుమానం తప్పు. గుడ్డు ఆకారమైతే ఒక చుట్టుకు రెండు చోట్ల పట్టాలి కూడా.

లెక్కలపంతులు | మంగళవారం, రాత్రి 10:50

కొత్తచక్రం, నువ్వు రాసిన అంకెలు బంగారం. అన్నీ 15 గుణిజాలు. ఒక్కటి కూడా 7న్నర గానీ 22న్నర గానీ లేదు. జవాబు అందులోనే ఉంది, మెల్లగా చూద్దాం.

మధ్య చక్రం గంటకు ఒక చుట్టు. దాని 64 పళ్లు 8 పుల్లల పినియన్‌ను తిప్పుతాయి, అంటే మూడో చక్రం గంటకు 8 చుట్లు, ఒక్కో చుట్టుకు ఏడున్నర నిమిషాలు. మూడో చక్రం 60 పళ్లు ఎస్కేప్ పినియన్ 8 పుల్లల్ని తిప్పుతాయి, కాబట్టి ఎస్కేప్ చక్రం నిమిషానికి ఒక చుట్టు. ఇంతవరకూ సరే.

మూడో చక్రంలో ఒక్క పన్ను చెడ్డదనుకుందాం. అది ఏడున్నర నిమిషాలకోసారి ఎస్కేప్ పినియన్ దగ్గరికి వస్తుంది. అప్పుడు ఏడున్నర గుణిజాల్లో ఆగాలి కదా? ఆగట్లేదు. పుల్ల ఒక్కటే చెడ్డదైతే నిమిషానికోసారి ఆగాలి. అదీ జరగట్లేదు.

ఇప్పుడు 60ని 8తో భాగించండి. శేషం 4. అంటే మూడో చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అదే పంటికి ఇందాకటి పుల్ల ఎదురుపడదు, దానికి సరిగ్గా ఎదురువైపున్న నాలుగో పుల్ల ఎదురుపడుతుంది. ఇంకో చుట్టు తిరిగితే మళ్లీ మొదటి పుల్ల. ఏ పన్నయినా జీవితాంతం రెండే రెండు పుల్లల్ని కలుస్తుంది, ఒక్కో పుల్లనూ 15 నిమిషాలకోసారి.

కాబట్టి నీ గడియారంలో తప్పు ఒక్కటి కాదు, రెండు చిన్న తప్పులు. మూడో చక్రంలో ఒక పన్ను కాస్త లావు, ఎస్కేప్ పినియన్‌లో ఒక పుల్ల కాస్త పక్కకు. విడివిడిగా ఏదీ గడియారాన్ని ఆపలేదు. రెండూ కలుసుకున్న క్షణంలో, లోలకం ఊపు కూడా కాస్త తగ్గి ఉంటే ఆగుతుంది, లేకపోతే దాటిపోతుంది. అందుకే ఒకసారి 15, ఒకసారి 60.

ఆగినప్పుడు కదపకుండా, సరిగ్గా ఆ పంటికీ ఆ పుల్లకీ పెన్సిల్ గుర్తు పెట్టు. వెతకాల్సింది ఆ రెండింటిలోనే.

కొత్తచక్రం | బుధవారం, రాత్రి 8:30

దొరికింది! రెండూ దొరికాయి! లెక్కలపంతులు గారూ, మీకు చేతులెత్తి దండం.

మధ్యాహ్నం ఆగినప్పుడు ముట్టుకోకుండా గుర్తులు పెట్టాను. చక్రం విప్పి దీపం కింద భూతద్దంతో చూశాను. గుర్తు పెట్టిన పంటి చెంప మీద, కొసకూ మొదలుకూ సరిగ్గా మధ్యలో, నిలువుగా ఒక చిన్న గట్టు. ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. నేను రుద్దేటప్పుడు ఉప్పు కాగితం దాని మీదుగా ఎక్కి దిగిపోయింది, చుట్టూ గోధుమ రంగు వచ్చింది గానీ గట్టు తల మాత్రం నల్లగా మెరుస్తోంది. మిగతా 59 పళ్లకు అలాంటిది లేదు.

పినియన్‌ను అద్దం పలక మీద పెట్టి వెనక టార్చి వేసి దొర్లించాను. ఏడు పుల్లల కింద వెలుగు గీత ఒకేలా కనబడింది, ఎనిమిదో పుల్ల దగ్గర ఒక చివర వెలుగు, రెండో చివర చీకటి. పుల్ల ఒరిగి ఉంది. ఆ రంధ్రంలో జిగురు గడ్డకట్టి పుల్లను పూర్తిగా దిగనివ్వలేదు.

గట్టును సూది ఆకురాయితో తీశాను. పుల్లను పీకి, రంధ్రం శుభ్రం చేసి మళ్లీ కూర్చాను. సాయంత్రం 4 నుంచి నడుస్తోంది. ఇది రాస్తుంటే కూడా వినబడుతోంది.

పొగమబ్బు | బుధవారం, రాత్రి 8:55

ఆ గట్టు ఎక్కడిదో చెబుతాను, మళ్లీ రాకుండా ఉంటుంది. లేజర్ ఒక గీతను కోయడం మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి ముగిస్తుంది. మొదలూ చివరా సరిగ్గా కలవకపోతే అక్కడ ఒక చిన్న బుడిపె మిగులుతుంది, లేదా ఎక్కువసేపు నిలిస్తే గుంట పడుతుంది. మీ డ్రాయింగులో మొదలుపెట్టే బిందువు పంటి చెంప మీద పడింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ బిందువును పళ్ల సందు అడుక్కి జరపండి. అక్కడ ఏదీ తగలదు, బుడిపె ఉన్నా పర్వాలేదు.

పనిలో పనిగా ఇంకొకటి. లేజర్ కోత పైనుంచి కిందికి కొంచెం వాలుగా ఉంటుంది. రెండు పొరలు అతికించే చక్రాల్లో ఒక పొరను బోర్లించి అతికిస్తే వాలు రెండు వైపులా సరిపోతుంది. మామూలు పళ్లు రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఎస్కేప్ చక్రం పళ్లు ఒక దిక్కుకే వాలి ఉంటాయి. దానికి ఒక పొరను అద్దంలో ప్రతిబింబంలా గీసి కోసి, దాన్ని బోర్లించాలి. ఇది మర్చిపోయి నేను రెండు మంచి పలకలు పోగొట్టుకున్నాను.

తొలిఅడుగు | గురువారం, ఉదయం 6:40

నమస్తే, నేను ఇంకా డ్రాయింగు దశలోనే ఉన్నాను. లెక్కలపంతులు గారి పోస్టు మూడుసార్లు చదివాను. పళ్లకూ పుల్లలకూ ఉమ్మడి కారణాంకం లేకుండా పెట్టుకుంటే, ప్రతి పన్నూ ప్రతి పుల్లనూ కలుస్తుంది కదా. అలా చేస్తే అరుగుదల సమానంగా ఉంటుందా?

లెక్కలపంతులు | గురువారం, ఉదయం 7:05

అవును, యంత్రాల్లో గేర్లకు అలాగే పెడతారు. గడియారంలో మాత్రం మధ్య చక్రానికీ ఎస్కేప్ చక్రానికీ మధ్య నిష్పత్తి కచ్చితంగా 60 రావాలి, సెకన్ల లోలకం (ఒక్కో ఊపుకు ఒక సెకను), 30 పళ్ల ఎస్కేప్ చక్రం ఉంటే. అందుకని చేతులు కట్టేసినట్టుంటుంది. నా సలహా, మొదటి గడియారానికి 64, 60, 8, 8 పెట్టుకో. తప్పు దొరకబుచ్చుకోవడం తేలిక. ఇప్పుడు చూశావుగా.

గంటల ముల్లును నిమిషాల ముల్లు కంటే 12 రెట్లు నెమ్మదిగా తిప్పే ముళ్ల కింది చక్రాలకు 10, 30, 8, 32 వాడు. 30ని 10తో భాగిస్తే 3, 32ని 8తో భాగిస్తే 4, మొత్తం 12. పైగా 10, 30 కూడినా 40, 8, 32 కూడినా 40. ఒకే సైజు పళ్లతో రెండు జతలూ అవే రెండు ఇరుసుల మీద కూర్చుంటాయి.

కొత్తచక్రం | గురువారం, ఉదయం 7:30

రాత్రి మూడింటికి ఆగింది. పదకొండు గంటలు నడిచింది. గీతలు చూశాను, ఇదివరకటి చోటు కాదు. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

లోలకం | గురువారం, ఉదయం 8:10

కంగారు పడకు. పదకొండు గంటలు నడిచిన గడియారం నడిచే గడియారమే. ఇప్పుడు కళ్లు మూసుకుని దాని పక్కన కూర్చో. టిక్, టాక్ మధ్య ఎడం సమానంగా ఉందా? టిక్-టాక్....టిక్-టాక్ అని కుంటుతోందా?

ఫ్రేము మీద రెండు వేళ్లు ఆనించి కూడా చూడు. లోలకంతో పాటు అదీ ఊగుతోందా?

కొత్తచక్రం | గురువారం, ఉదయం 8:40

కుంటుతోంది. మీరు చెప్పాకే వినబడింది, ఇప్పుడు అదే వినబడుతోంది. ఫ్రేము కూడా వేలికి తగిలేంత కదులుతోంది. గోడకు ఒకే మేకు మీద వేలాడదీశాను.

లోలకం | గురువారం, ఉదయం 9:15

అయితే రెండూ సరిచేయాలి. ముందు ఫ్రేము. లోలకం ఊపులోంచి ఫ్రేము ఎంత దొంగిలిస్తే అంత శక్తి పోయినట్టే. పైన రెండు మరలు, కింద ఒకటి బిగించు, గోడకు గట్టిగా ఆనాలి.

తర్వాత టిక్‌టాక్. లోలకం నిలకడగా వేలాడుతున్నప్పుడు ప్యాలెట్ రెండు చేతులూ ఎస్కేప్ చక్రానికి సమానంగా ఉండాలి. నీదాంట్లో ఒక చెయ్యి దగ్గరగా, ఒకటి దూరంగా ఉంది. లోలకాన్ని మెల్లగా చేత్తో కుడికి జరుపుతూ పన్ను విడిపడే చోట వెనక అట్ట మీద గీత పెట్టు, ఎడమకు జరిపి ఇంకో గీత. మధ్య గీత నుంచి రెండూ ఒకే దూరంలో ఉండేదాకా, లోలకాన్ని నెట్టే తీగను రవ్వంత వంచుతూ పో. ఫ్రేమును వంకరగా బిగించి సర్దాలని మాత్రం చూడొద్దు.

ప్యాలెట్ ముఖాలు నున్నగా చేశావా? ఇంగ్లండ్ గడియారాల పనివాడు జార్జ్ గ్రాహం 1715 ప్రాంతంలో తెచ్చిన ఈ పద్ధతిలో పంటి కొస ఆ ముఖం మీద జారుతూ ఆగుతుంది. మిగతా ఎక్కడ గరుకు ఉన్నా ఉండనీ, అక్కడ ఉండకూడదు. 400, 800, 1200 కాగితాలు వరసగా, చదును పోకుండా, వెనక గాజు ముక్క పెట్టి రుద్దు.

తొలిఅడుగు | గురువారం, ఉదయం 9:40

పళ్లకు నూనె పెడితే జారుతుంది కదా?

మైనంగుడ్డ | గురువారం, ఉదయం 10:20

పెట్టకూడదు. చెక్క నూనె తాగి ఉబ్బుతుంది, మిగిలిన మసి నూనెతో కలిసి ముద్దవుతుంది, దుమ్ము దాని మీద చేరుతుంది. మెత్తటి పెన్సిల్ ముల్లును పొడిగా గీకి, చిన్న బ్రష్‌తో పంటి చెంపలకూ ప్యాలెట్ ముఖాలకూ రాయండి. వేలితో రుద్దితే ఉక్కులా మెరుస్తుంది. అంతే చాలు.

పాలిష్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇదే అడగబోతారని తెలుసు. చక్రాల ముఖాలకు లక్క పాలిష్ వేస్తాను. పల్చగా కలిపి రెండు పూతలు, మధ్యలో 400 కాగితంతో ఒకసారి తేలిగ్గా. పైన కొంచెం తేనెమైనం రాసి నూలు గుడ్డతో తుడుస్తాను. పళ్ల చెంపలకు మాత్రం ఏ పూతా తగలనివ్వను, పాలిష్ జిగటగా పట్టేస్తుంది. బ్రష్ బదులు గుడ్డ ఉండతో వేస్తే అంచు దాటదు. కోసే ముందే పలకకు మాస్కింగ్ టేపు అతికిస్తే ముఖాల మీద పొగ మరకలు పడవు, రుద్దే పని సగం తగ్గుతుంది.

అవిసె నూనె వాడేవాళ్లు ఒక్క మాట తప్పకుండా వినండి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆరేకొద్దీ వేడెక్కి దానంతట అదే అంటుకుంటుంది. పరిచి ఆరబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. చుట్టూ చెక్కపొట్టు ఉండే గదుల్లో పని చేస్తున్నాం మనం.

కొత్తచక్రం | సోమవారం, రాత్రి 9:10

నాలుగు రోజులు రాయలేదు, నాలుగు రోజులూ ఆగలేదు! రోజూ పొద్దున్నే లేచి ముందు చెవి పెట్టి వింటున్నాను.

మూడు మరలు బిగించాను. తీగ వంచడానికి గంట పట్టింది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే టిక్కేదో టాక్కేదో తేడా తెలియట్లేదు. ప్యాలెట్‌కు పెన్సిల్ పొడి రాశాను, శబ్దం కూడా మెత్తబడింది.

రోజుకు 4 నిమిషాలు వెనకబడుతోంది. లోలకం బిళ్ల కింద 4 మి.మీ. మర ఉంది. ఎన్ని చుట్లు తిప్పాలి?

లెక్కలపంతులు | సోమవారం, రాత్రి 9:35

నీది సెకన్ల లోలకం, పొడవు సుమారు 994 మి.మీ. పొడవు మారితే కాలం అందులో సగం నిష్పత్తిలో మారుతుంది. 1 మి.మీ. తగ్గిస్తే రోజుకు 43 సెకన్లు ముందుకు వస్తుంది. 4 మి.మీ. మర ఒక చుట్టుకు 0.7 మి.మీ. ఎక్కుతుంది, అంటే చుట్టుకు 30 సెకన్లు. నీకు కావాల్సింది 240 సెకన్లు, కాబట్టి ఎనిమిది చుట్లు పైకి. ఒకేసారి ఎనిమిది తిప్పొద్దు. ఏడు తిప్పి ఒక రోజు చూడు, కడ్డీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి కొంచెం తేడా ఉంటుంది. తిప్పేటప్పుడు కడ్డీని ఒక చేత్తో పట్టుకో, పైన వేలాడే స్ప్రింగు మెలిపడకూడదు.

సన్నరంపం | సోమవారం, రాత్రి 9:50

కడ్డీ చెక్కదే కదా? మంచి పని చేశావు. స్టీల్ కడ్డీ అయితే ఒక్క డిగ్రీ వేడి పెరిగితే రోజుకు అర సెకను వెనకబడుతుంది. చెక్క నార వెంట అంతకంటే చాలా తక్కువ సాగుతుంది. దానికి శత్రువు తేమ. నార నిటారుగా ఉన్న కర్ర ఎంచుకుని, చివర్లతో సహా లక్క నాలుగు పూతలు వెయ్యి. చాలామంది చివర్లు వదిలేస్తారు, తేమ దూరేది అక్కడే.

కొత్తచక్రం | బుధవారం, రాత్రి 9:00

ఏడు చుట్లు తిప్పాను. నిన్న రాత్రి 9 నుంచి ఇవాళ 9 వరకు 26 సెకన్లు వెనక. కడ్డీ చివర్లకు నిజంగానే లక్క పడలేదు అక్కా, వచ్చే ఆదివారం ఒక్క గంట ఆపి వేస్తాను. ఈలోపు ఇంకో ముప్పావు చుట్టు తిప్పాను, రేపు ఇదే వేళకు చూసి రాస్తాను.

బుడిపె తీసిన పంటికి వెనక వైపు చిన్న చుక్క పెట్టుకున్నాను. ఏడున్నర నిమిషాలకోసారి అది పినియన్ దగ్గరికి వచ్చి, ఆగకుండా దాటిపోవడం చూస్తున్నాను.